హోటల్ బల్ల ముందు ఎవరెవరు



ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మన ఊళ్లలో కాస్త పేరున్న ఏ హోటల్‌కైనా వెళ్లి చూడండి. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉంటాయి. నోటుపుస్తకం పట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చి "ఎంతమంది సార్?" అని అడుగుతాడు. "ఏడుగురం" అంటే అతని మొహం కొంచెం వాడిపోతుంది, లోపల ఎక్కువగా ఉన్నవి నలుగురు పట్టే బల్లలే కనక. పేరు రాసుకుంటాడు. ఇక తాతగారు కుర్చీలో కూలబడతారు, మనవడు ఫోన్‌లో దూరిపోతాడు, ఇంటి ఆడవాళ్లు అద్దంలోంచి లోపలికి చూస్తూ ఆరా తీస్తుంటారు. కిటికీ పక్క బల్లవాళ్లు పెరుగన్నం దాకా వచ్చారా, ఇంకా సాంబారు దగ్గరే ఉన్నారా అని.

ఇది ఎంత మామూలైపోయిందంటే, ఎంత కొత్తదో మనకు గుర్తే లేదు. డబ్బిచ్చి బయట తినడం కొత్తేమీ కాదు. ఆడా మగా, పిల్లా పెద్దా, కులం అడగని స్నేహితులూ ఒకే బల్ల చుట్టూ, ఒకే వేళకు, ఒకేసారి కూర్చుని తినడం మాత్రం కొత్త. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

క్రీడాభిరామం అని పాత వీథి నాటకం ఒకటుంది. వినుకొండ వల్లభరాయుడి పేరున ప్రసిద్ధం. శ్రీనాథుడిదే అన్నవాళ్లూ ఉన్నారు, ఆ తగువు పండితులకు వదిలేద్దాం. అందులో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు నగరంలో రోజంతా తిరుగుతారు. వీధులు, అంగళ్లు, ఆటలు, పాటలు అన్నీ చూస్తారు. మధ్యలో భోజనం మాట రాకుండా ఉంటుందా? ఒక్క రూక ఇస్తే ఒక పూటకూటి ఇంట్లో ఏమేం పెడతారో కవి ఏకరువు పెట్టాడు. సన్నబియ్యపు అన్నం, గోధుమలతో చేసిన పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, చివర గడ్డపెరుగు. ఇవాళ్టి ఫుల్ మీల్స్ బోర్డుకూ దీనికీ పెద్ద తేడా లేదు, ధర తప్ప. అన్నట్టు మిరపకాయ లేదు. అది పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి మన దేశానికి రావడానికి ఇంకా చాలా కాలం ఉంది. గుంటూరువాళ్లు ఆ భోజనానికి ఒప్పుకునేవారంటారా?

గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ మీకు తెలుసు. 1897లో అచ్చయిన నాటకం. ఆ అమ్మ చేతి అన్నం తిన్నది ఎవరు? చదువుకోసమో, కోర్టు పనికోసమో, ఉద్యోగం కోసమో పట్నానికొచ్చి ఒంటరిగా ఉన్న మగవాళ్లు. ఇల్లు దూరమై, వేరే దారి లేక తిన్నవాళ్లు. ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా కుటుంబాన్ని వెంటబెట్టుకుని బయటికెళ్లి తినడమనేది ఆ రోజుల్లో ఎవరైనా వింటే, ఇంట్లో ఏదో కీడు జరిగిందనుకునేవారు.

తర్వాత కాఫీ హోటళ్లు వచ్చాయి. రైలు స్టేషన్లు, కోర్టులు, కాలేజీలు ఎక్కడుంటే అక్కడ. వాటి గుమ్మాల మీద ఫలానా కులంవారి హోటల్ అని బోర్డులుండేవి. లోపల కూడా ఎవరు ఎక్కడ కూర్చోవాలో గీతలుండేవి. కొందరికి గుమ్మమే లేదు, వీధిలో నిలబడి తాగి, గ్లాసు తామే కడిగి పెట్టాలి. రైల్వే ప్లాట్‌ఫారం మీద మంచినీళ్లక్కూడా హిందువులకో కుండ, ముస్లింలకో కుండ. కాబట్టి మన రాజ్యాంగం రాసినవాళ్లు హోటళ్లను మరిచిపోలేదు. పదిహేనో అధికరణం రెండో క్లాజు చదివి చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో దేన్ని చూపించీ ఏ పౌరుణ్నీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి, భోజనశాలల్లోకి, వినోద స్థలాల్లోకి రాకుండా అడ్డుకోకూడదని అందులో ఉంది. దేశానికి మూలమైన చట్టంలో ఇడ్లీ హోటల్ గుమ్మం మాట ఉందంటే, ఆ గుమ్మం దగ్గర ఎంత జరిగి ఉంటుందో ఊహించుకోండి. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది, 1976లో అదే పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. హోటల్లోకి రానివ్వకపోవడం దాని ప్రకారం నేరం. అయినా పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఆ చట్టాలన్నీ వచ్చాక కూడా ఏళ్ల తరబడి నడిచింది. అక్కడక్కడా ఇంకా కనబడుతూనే ఉంది. హోటల్ అనగానే అందరూ సమానమైపోయారని నేను చెప్పబోవడం లేదు. పట్నంలో గల్లాపెట్టె మీద కూర్చున్నాయనకు నీ కులం అడిగే తీరిక లేదు, నీ వెనక ఇంకో పదిమంది ఉన్నారు. అంతవరకే.

హైదరాబాదు ఇరానీ హోటళ్ల సంగతి వేరు. ఇరాన్ నుంచి బొంబాయి, పూణే మీదుగా వచ్చిన కుటుంబాలు మొదలుపెట్టినవి. చలవరాతి పలక వేసిన బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు. డికాక్షన్ ఒక పాత్రలో మూతపెట్టి గంటల తరబడి మరుగుతుంటుంది, పాలు ఇంకో పాత్రలో చిక్కబడుతుంటాయి, రెండూ కప్పులోనే కలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కెట్టు, సగం ఉప్పగా, సగం తియ్యగా. అక్కడ రిక్షా తొక్కేవాడూ, కవీ, యూనియన్ నాయకుడూ, పరీక్ష తప్పిన విద్యార్థీ పక్క పక్క బల్లల మీద కూర్చున్నారు. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుని గంటసేపు మాట్లాడుకున్నా ఎవరూ లెమ్మనలేదు. ఈ ఓపిక వెనక లెక్క కూడా ఉంది. చాయ్‌లో మిగులు తక్కువే అయినా, కూర్చున్నవాడు చివరికి ఒక లుక్మీయో, సమోసాయో చెప్పక తప్పదు. ఇప్పుడా హోటళ్లలో చాలా మూతపడ్డాయి. మూల మీది స్థలానికి అద్దె పెరిగాక గంటకొక చాయ్ తాగే గిరాకీతో నెట్టుకురావడం ఎవరివల్ల అవుతుంది?

ఆ ఇరానీ హోటల్లోకీ, మాంసం వండే మిలిటరీ హోటల్లోకీ ఆడవాళ్లు మాత్రం తేలిగ్గా వెళ్లలేదు. వెళ్తే ఫ్యామిలీ రూము. గుర్తుందా? చెక్క తడికలు, దానికో మాసిన కర్టెను, లోపల ఇరుగ్గా నాలుగు కుర్చీలు. సర్వర్ కర్టెన్ తొలగించుకుని వచ్చి ప్లేటు పెట్టి, మళ్లీ మూసేసి వెళ్లేవాడు. బయట హాల్లో ఫ్యాను, రేడియో పాట, జనం. లోపల చెమట. గౌరవం పేరుతో ఉక్కపోత. అయినా చాలామంది ఇల్లాళ్లకు మొదటి హోటల్ మసాలా దోసె ఆ కర్టెను వెనకే. ఆ దోసె రుచి వాళ్లు ఇప్పటికీ చెబుతారు, ఉక్క గురించి చెప్పరు. తర్వాత ఆ తడికలు పోయాయి. "ఫ్యామిలీ రెస్టారెంట్" అని బోర్డు మారింది. కొన్నాళ్లు ఆ బోర్డుకు, ఇక్కడ మందు దొరకదు, భయం లేకుండా రావచ్చు అని అర్థం.

ఇక ఫుల్ మీల్స్. తెలుగువాళ్ల హోటల్ తిండికి తలకాయ ఇదేనని నా గట్టి నమ్మకం, బిర్యానీవాళ్లు కోప్పడినా సరే. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ పేరు వినని తిండిప్రియులు తక్కువ. అరిటాకు వేస్తారు. తీపి పడుతుంది, పులిహోర పడుతుంది, ఆకులో ఖాళీ ఎక్కడుందా అని వెతికి మరీ కూరలు పెడతారు. వేడన్నం మీద కందిపొడి, నెయ్యి. పప్పు, పచ్చడి, పులుసు, చారు, గడ్డపెరుగు. ఇంటికి పట్టుకెళ్లాలంటే బుట్ట భోజనం, నిజంగానే బుట్టలో ఆకులు పరిచి సర్దిస్తారు. ఇలాంటి హోటల్లో వడ్డించేవాడి చేతిలో ఒక విద్య ఉంది, దాన్ని మనం సరిగ్గా గమనించం. అయిదారు గిన్నెల గుత్తి పట్టుకుని బంతి వెంట నడుస్తూ, ఎవరు దేని దగ్గర ఆగిపోయారో ఓరకంట చూస్తాడు. "చాలు" అని మనం చెయ్యి అడ్డం పెట్టే పద్ధతిని బట్టి, అది నిజం చాలో మొహమాటం చాలో అతనికి తెలిసిపోతుంది. రెండోది అయితే గరిటె పడి తీరుతుంది. వెయ్యిమంది ఆకలిని రోజూ చూసినవాడికే ఆ చూపు వస్తుంది.

కానీ ఒంటిగంట వేళ ఫుల్ మీల్స్ హోటల్ కబుర్లకు చోటు కాదు. అక్కడ మీరు పెరుగులోకి రాగానే మీ కుర్చీ వెనక ఎవరో వచ్చి నిలబడతారు. మీరు కలుపుకునే ప్రతి ముద్దనూ లెక్కపెడుతుంటారు. ఎన్నేళ్లకో కలిసిన స్నేహితుణ్ని అలాంటి చోటికి తీసుకెళ్లి, వాళ్లమ్మగారి ఆరోగ్యం అడిగితే అతనేం చెప్పగలడు? స్నేహితుడితో తీరిగ్గా మాట్లాడాలంటే సాయంత్రం నాలుగున్నరకు టిఫిన్ హోటల్ మేలు. అప్పుడు గిరాకీ పలచగా ఉంటుంది, పునుగులూ బజ్జీలూ వేడిగా దిగుతుంటాయి, సర్వర్ కూడా గోడకానుకుని మన కబుర్లలో ఒక చెవి పారేస్తాడు. విజయవాడ గాంధీనగరం బాబాయి హోటల్లో ఇడ్లీ మీద వెన్న కరిగేదాకా ఆగలేనివాళ్లకు ఈ సలహా వర్తించదు.

కొన్ని హోటళ్లు కలుసుకునే గుర్తులుగా మారి, ఊరి పటంలోకే ఎక్కేశాయి. గుంటూరులో శంకర్‌విలాస్ సెంటర్ అంటే ఎవరైనా దారి చెబుతారు. సికింద్రాబాదులో పారడైజ్ అనేది మొదట సినిమా హాలు. దాన్ని ఆనుకుని 1953లో చిన్న కేఫ్ పెట్టారు. హాలు పోయింది, బిర్యానీ మిగిలింది, ఇప్పుడు మెట్రో స్టేషన్ పేరు కూడా అదే. ఢిల్లీలో చదువుకునే మన పిల్లలకైతే ఆంధ్రభవన్ క్యాంటీనే పుట్టిల్లు. ఆదివారం బిర్యానీ కోసం అక్కడ కట్టే వరసలో తెలుగువాళ్ల కంటే బయటివాళ్లే ఎక్కువ కనిపిస్తారు. మనవాళ్లు వెనక నిలబడి, గోంగూర పచ్చడి అయిపోకుండా చూడమని దేవుణ్ని మొక్కుకుంటారు.

ఇప్పుడు మండి దగ్గరికి వద్దాం. ఈ ప్రసంగం రాయాలనిపించడానికి అసలు కారణం ఆ పళ్లెమే. హైదరాబాదు బార్కాస్ ప్రాంతంలో నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతివారు ఉన్నారు. వాళ్ల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. మండి ఆ సీమ వంట. చాలాకాలం ఆ పేటకే తెలిసిన ఈ తిండి, చూస్తుండగానే కరీంనగర్‌కు, ఖమ్మానికి, భీమవరానికి, అనంతపురానికి పాకింది. పరుపు మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంటారు. మధ్యలో ఒక పెద్ద పళ్లెం వస్తుంది. నలుగురికీ అదొక్కటే. అన్నం మీద మాంసం ముక్కలు, చుట్టూ నాలుగు కుడిచేతులు.

ఎంగిలి అనేది మన ఇళ్లలో ఎంత పెద్ద కట్టుబాటో వేరే చెప్పక్కర్లేదు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగడం, ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టకపోవడం, ఎంగిలి చేత్తో గరిటె ముట్టుకోకపోవడం, ఇవి పసితనంలోనే ఒంటపడతాయి. అలాంటిళ్లనుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు, రకరకాల కులాలవాళ్లు, రెండు మూడు మతాలవాళ్లు, ఇవాళ ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తింటున్నారు. అదేదో సాహసమని వాళ్లకు తెలియను కూడా తెలియదు. సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టిన రోజుల్లో పక్క పక్క ఆకుల్లో తిన్నందుకే వెలి వేశారు. ఇక్కడ ఆకు కూడా ఒకటే. అదే కుర్రాడు పెళ్లి సంబంధం వచ్చేసరికి ఏం చేస్తాడో నేను హామీ ఇవ్వలేను. పళ్లెం దగ్గర కలిసిన చేతులన్నీ ఇంటి గుమ్మం దాటి లోపలికి రావు.

రుచి మాటకొస్తే, నా నాలుకకు మండి కొంచెం చప్పన. మనవాళ్లకూ అలాగే అనిపించినట్టుంది, పక్కన ఎర్ర చట్నీ, తెల్లటి మయోనైజ్ పెట్టుకుని సరిచేసుకుంటారు. ఆ మయోనైజ్‌తో కాస్త జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసినది తిని జనం జబ్బుపడుతున్నారని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఎండలో నిలవున్న గుడ్డు సరుకును పిల్లలకు పెట్టకపోవడమే మంచిది.

కుటుంబంతో వెళ్లినప్పుడు మెనూ కార్డు ఎవరి చేతికిస్తారో గమనించండి. సర్వర్ వచ్చి, బల్ల దగ్గర ఎవరు పెద్ద మగవాడో చూసి ఆయన ముందు పెడతాడు. ఆయన కళ్లజోడు వెతుక్కుని, పై నుంచి కింద దాకా చదివి, చివరికి "నాలుగు చపాతీ, ఒక పప్పు" అంటాడు. పిల్లలు అప్పటికే ఫ్రైడ్ రైసు, గోబీ మంచూరియా అని తీర్మానించుకుని ఉంటారు. అమ్మ "నాకేం వద్దు, మీ దాంట్లోంచి కొంచెం తీసుకుంటా" అంటుంది. ఇంట్లో అందరికీ వడ్డించి ఆఖరున తినే మనిషి, ఇక్కడ అందరితోపాటు కూర్చుందన్న మాటేగానీ చెయ్యి ఊరుకోదు. గిన్నెలోంచి అందరికీ వడ్డించడం మొదలుపెడుతుంది. తనకొచ్చిన గులాబ్‌జామూన్ పిల్లాడి కంచంలోకి వెళ్లిపోతుంది. పనీరు కూర రుచి చూసి "ఇదే డబ్బుతో ఇంట్లో పదిమందికి చేస్తా" అని ఒక మాట వేస్తుంది. ఆ మాట నిజమే. కానీ చేసేది తనే కదా, తర్వాత అంట్లు కూడా తనవే కదా. మెనూ కార్డు ముందు ఆవిడ చేతికివ్వండి, ధరల వైపు చూడకుండా వేలు అడ్డం పెట్టి మరీ ఇవ్వండి. ఆవిడ ఏం తెప్పించుకుంటుందో చూస్తే ఇంట్లో ఎవరికీ తెలియని ఇష్టం ఒకటి బయటపడుతుంది.

అన్నట్టు రెండొందల రకాలు రాసున్న మెనూ కార్డును నేను నమ్మను. చైనా నుంచి చెట్టినాడు దాకా అన్నీ ఒకే వంటింట్లో సిద్ధంగా ఉన్నాయంటే, ఏదో ఒకటి నిన్నటిది అయ్యుంటుంది. రెండింటికల్లా "చేపల పులుసు అయిపోయింది సార్" అని నిర్మొహమాటంగా చెప్పే హోటల్ మీద నాకు గురి ఎక్కువ.

బిల్లు గురించి రెండు ముక్కలు. మామూలు హోటళ్లలో జీఎస్టీ అయిదు శాతం, 2017 నవంబరు నుంచి ఇదే. సర్వీస్ ఛార్జి అని విడిగా వేస్తే, అది పన్ను కాదు. బిల్లులో దానంతటదే కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసెయ్యమని మర్యాదగా అడగొచ్చు. ఆ డబ్బులో కొంత మీకు వడ్డించిన మనిషి చేతిలో నేరుగా పెడితే, అది ఎవరికి చేరిందో మీకే తెలుస్తుంది.

ఇక ఎవరిస్తారన్నది. స్నేహితులకు ఈ తగువు తీరిపోయింది, ఫోన్‌లో తలా ఇంత అని పంచుకుంటున్నారు, పైసలతో సహా. పెద్దవాళ్ల బల్ల దగ్గర మాత్రం యుద్ధమే. జేబులో చెయ్యి పెట్టినవాడి చెయ్యి ఇంకొకడు పట్టుకుంటాడు. "పోయినసారి మీరిచ్చారు", "నా ఊరొచ్చి మీరివ్వడమేంటి", "పిల్ల పుట్టినరోజండీ", ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అస్త్రం. సర్వర్ సోంపు గిన్నెతో బిల్లు పెట్టి, గెలిచినవాడి కోసం ఎదురుచూస్తుంటాడు. ఈ విద్యలో ఆరితేరినవాళ్లు జేబు జోలికే పోరు. చెయ్యి కడుక్కొస్తానని లేచిన బాబాయి అయిదు నిమిషాలైనా తిరిగి రాలేదంటే, ఆయన కుళాయి దగ్గర లేడు. గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. ఇప్పుడు మీరు పరిగెత్తినా లాభం లేదు, చిల్లర కూడా తీసేసుకుని ఉంటాడు.